ఎవరికీ చెప్పకూడని ఇంపార్టెంట్స్

బందరులో డిగ్రీ పిల్లలకు ఎకనమిక్స్ చెప్పి, గడువుకు ముందే ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నదాన్ని. కొత్తగా లెక్చరర్లయిన ఇద్దరమ్మాయిలు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు చెప్పండి" అని అడిగారు. మంచి మాటలు నా దగ్గర లేవు. అబద్ధాలున్నాయి, కావలసినన్ని. నా పిల్లల చేత పుస్తకం తెరిపించింది ఆ అబద్ధాలే. అందుకు నన్ను తప్పుపట్టినవాళ్ళు మా స్టాఫ్ రూమ్‌లోనే ఉన్నారు. వాళ్ళకి అప్పుడేం చెప్పానో ఇప్పుడూ అదే చెప్తాను: బాగా చేశాను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెడితే మళ్ళీ చేస్తాను.

ఇంక్రిమెంట్ల గొడవ, సర్వీసు రిజిస్టర్ల గొడవ ఇందులో లేవు. అవి మీకు ఆఫీసులో ఎవరైనా చెప్తారు. వాళ్ళు చెప్పనివి రాస్తున్నాను.

మీ అసలు ఉద్యోగం

పాఠాలు చెప్పడానికి మిమ్మల్ని తీసుకున్నామంటారు. నమ్మకండి. పరీక్షలకు నెలరోజుల ముందు వరకే ఆ మాట. అక్కణ్ణుంచి మీరు జాతకాలు చెప్పే మనిషి. సెమిస్టరంతా క్లాసుకు రాని మొహాలన్నీ సైకిల్ స్టాండు దగ్గర, మెట్ల దగ్గర, ఆఖరికి మీరు కూరగాయలు బేరమాడే చోట కూడా ప్రత్యక్షమవుతాయి. "మేడమ్, ఇంపార్టెంట్స్!"

ఇంపార్టెంట్స్ అంటే పరీక్షలో వస్తాయని లెక్చరర్ ముందుగా ఊహించి చెప్పే ప్రశ్నలు. అవి చదివితే చాలు, పుస్తకం చదవనక్కర్లేదన్నది పిల్లల శాస్త్రం. "సిలబస్ అంతా ఇంపార్టెంటేరా నాయనా" అని చూడండి ఒకసారి. "అది సరేనండీ, అసలు ఇంపార్టెంట్స్ చెప్పండి" అంటారు.

చేరిన కొత్తలో ఒక ఏడాది నేను చెప్పినవి చాలావరకు వచ్చాయి. పాత పేపర్లు తిరగేసి, కొంతకాలంగా రానివి ఏరి చెప్పాను, అంతే. కానీ ఆ వార్త పామర్రు సెంటర్ దాటేసరికి వేషం మార్చేసింది. పేపరు సెట్ చేసేది మా పెద్దనాన్న కొడుకని ఒకరు, కాదు మా ఆయనకి బావగారని ఇంకొకరు. నాకసలు పెద్దనాన్నే లేడు. ఆ సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి మాత్రం, "మీకు ఎలా తెలుస్తాయి మేడమ్?" అని మరీ ప్రాణం తీస్తుంటే, "పాలకాయతిప్పలో కృష్ణ సముద్రంలో కలిసే చోట తెల్లారగట్ల ఎర్ర పీతలు ఇసక మీద గీతలు గీస్తాయి, అవి చదవడం మా నాయనమ్మ నేర్పింది" అన్నాను. ఆ ఆదివారమే నలుగురు బైకులేసుకుని పాలకాయతిప్ప వెళ్ళారు. మొహాలు మాడ్చుకుని వచ్చి, ఫోనులో పీతల గీతలు చూపించి, "ఇది డిమాండ్ రేఖా, సప్లై రేఖా మేడమ్?" అని అడిగారు. ఎడమ నుంచి కుడికి పైకి పోతోంది కాబట్టి సప్లై అన్నాను. ఆ ఏడాది సప్లై సూత్రం పదిహేను మార్కులకు వచ్చింది. ఆ దెబ్బతో నా పేరు దివిసీమ అంతా పాకిపోయింది. పీతలకు మాత్రం ఏ పేరూ రాలేదు పాపం.

పర్సంటేజీ గారు

మా ప్రిన్సిపాల్ రామలింగేశ్వరరావు గారు. చెడ్డవారు కాదు. మనిషిని చూస్తే ఆయనకు మనిషి కనిపించడు, పాస్ పర్సంటేజీ కనిపిస్తుంది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టారు.

"మేడమ్, ఎందుకు వచ్చిన శ్రమ? యూనిట్‌కి రెండు ప్రశ్నలు టిక్కు పెట్టి ఇచ్చెయ్యండి. మన పర్సంటేజీ ఎక్కడికో వెళ్తుంది."

"మిగతా పుస్తకాన్ని ఏం చెయ్యమంటారండీ?"

"దాన్ని మనమేం చేస్తాం? దాని మానాన అది ఉంటుంది."

"టిక్కు పెట్టనివి వస్తేనండీ?"

"వస్తే మీ జాతకం, పిల్లల జాతకం."

నేను టిక్కులు పెట్టనన్నాను. "అయితే ఏం చేస్తారో చెయ్యండి, నాకు మాత్రం పాస్ కావాలి" అన్నారు. పై అధికారి "ఏం చేస్తారో చెయ్యండి" అంటే దాన్ని శాసనంలాగా తీసుకోవాలి. నేను తీసుకున్నాను.

ఇంపార్టెంట్స్ మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. టిక్కు పెట్టిన పుస్తకం చదివి పాసైన పిల్లాడు బతుకంతా టిక్కు పెట్టేవాడి కోసం చూస్తూ కూర్చుంటాడు. పరీక్షంటే భయం వాడికి పుట్టుకతో రాలేదు. "ఇంతే చదువు, ఇంతకంటే నీకు రాదు" అని చెప్పి చెప్పి మనమే పట్టించాం.

తలుపేసి చెప్పిన రహస్యం

నేను చేసిందిది. పేపరుకు అయిదు యూనిట్లు. ఒక్కొక్కళ్ళనే స్టాఫ్ రూమ్‌కి పిలిచేదాన్ని. తలుపు వేసి, కిటికీ వేసి, బల్ల కింద ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూసి, చెవి దగ్గర గుసగుసగా ఒక్క యూనిట్ పేరు చెప్పేదాన్ని. ఈ పిల్లకి జాతీయాదాయం, ఆ పిల్లాడికి అంతర్జాతీయ వాణిజ్యం, ఇంకొకరికి బ్యాంకింగ్.

"ఇది నీకొక్కడికే చెప్తున్నాను. ఎవరికీ చెప్పకు. ఒట్టెయ్యి."

చేతిలో చెయ్యి వేసి ఒట్టేసేవాళ్ళు. చిలకలపూడి పాండురంగడి మీద కొందరు, అమ్మ మీద కొందరు. వేసిన ఒట్టు కోనేరు సెంటర్ దాకా కూడా నిలిచేది కాదు. సాయంత్రానికల్లా అందరి దగ్గరా అందరివీ ఉండేవి, అంటే మొత్తం సిలబస్ ఉండేది. పైగా అది నేనిచ్చింది కాదు, పక్కవాడి దగ్గర కాజేసింది. ఒకే యూనిట్ ఇద్దరి నోట వినిపిస్తే, రెండోవాడు కాజేశాడనుకునేవాళ్ళు. మనం ఇచ్చినదాన్ని పిల్లలు పక్కన పడేస్తారు. కాజేసినదాన్ని మాత్రం అర్థమయ్యేదాకా వదలరు. బందరు నుంచి గుడివాడ పాసింజర్‌లో పరీక్షకు వెళ్తూ, ఎవడి రహస్యం గొప్పదని పెట్టెల్లో వాళ్ళు కొట్టుకుంటుంటే వినడానికి వీనులవిందుగా ఉండేది.

ఏళ్ళ తరబడి ఇది నడిచింది. పిల్లల నోరు ఆగదన్న ఒక్క నమ్మకం మీద నడిచింది.

ఒట్టు తప్పని మనిషి

నాంచారమ్మది కోడూరు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది, మూడో ఏడాదిలో కూతురు పుట్టింది. అన్నీ గట్టెక్కి ఎకనమిక్స్ ఒక్కటే మిగిలింది. అప్పటికి అది రెండుసార్లు తప్పింది. కోడూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెప్తోంది. డిగ్రీ చూపిస్తే ఉంచుతాం, లేదంటే జూన్‌లో రావద్దని స్కూల్ నడిపే కరస్పాండెంటు చెప్పేశాడు. పైగా ఆ బ్యాచ్‌తో సిలబస్ మారిపోతోంది. ఈసారి తప్పితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

మా రెగ్యులర్ పిల్లలతో కలిసి రాయడానికి ఫీజు కట్టి, నా దగ్గరకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పాలు తాగే పిల్లనొదిలి వచ్చానండి. ఏం చదవాలో చెప్పండి, చదివేస్తాను."

తలుపేశాను. కిటికీ వేశాను. బల్ల కింద చూశాను. "బ్యాంకింగ్. ఎవరికీ చెప్పకు" అన్నాను. నా చేతిలో చెయ్యి వేసింది. "హంసలదీవి వేణుగోపాలస్వామి సాక్షిగా చెప్పనండి" అంది. అందరూ అనేదే కదా అనుకున్నాను.

పరీక్ష సోమవారం. ముందు శుక్రవారం సాయంత్రం ఖాజా మా ఇంటికి వచ్చాడు. ఖాజా వాళ్ళ నాన్న టైలరు. వాడు మాత్రం క్లాసులో రహస్యాల హోల్‌సేల్ వ్యాపారి.

"మేడమ్, ఒక అన్యాయం జరుగుతోంది. అందరి దగ్గరా రాబట్టాను, నాంచారమ్మక్క ఒక్కతే నోరు విప్పట్లేదు."

"అందరి దగ్గరా ఏం రాబట్టావు?"

నాలుక కరుచుకున్నాడు. అయినా ఆగలేదు. "అవనిగడ్డ వాళ్ళ చేత హల్వా పంపించాను మేడమ్. హల్వా తిని థాంక్స్ చెప్పిందంట, అంతే! అందుకే మాకు తెలిసిపోయింది, అసలు పేపరు ఆవిడ దగ్గరే ఉంది."

వాణ్ణి ముందు గదిలో కూర్చోబెట్టి, లోపలికెళ్ళి తలుపేసుకుని ఆమెకు ఫోన్ చేశాను.

"నాంచారమ్మా, ఎంతదాకా వచ్చింది?"

"అయిపోయిందండి. బ్యాంకింగు కళ్ళు మూసుకుని రాసేస్తాను."

"మిగతా నాలుగు యూనిట్లు?"

"అవెందుకండి? మీరు బ్యాంకింగే కదా చెప్పారు."

"ఖాజా వాళ్ళు వాళ్ళవి చెప్పలేదా?"

"చెప్తామన్నారండి. నేనే వద్దన్నాను. నాది చెప్పకుండా వాళ్ళది ఎలా తీసుకుంటాను? తప్పు కదండి."

నిజం చెప్పేశాను. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క యూనిట్ చెప్పానని, పేపరు దేంట్లోంచైనా రావచ్చని, ఒక్క బ్యాంకింగ్‌తో పాసవడం కష్టమని. ఆమె నవ్వింది.

"నేను నోరు జారుతానేమోనని చూస్తున్నారు కదండి? మీరేం దిగులు పెట్టుకోకండి. ప్రాణం పోయినా చెప్పను." ఫోన్ పెట్టేసింది.

అబద్ధం చెప్తే ఊరంతా నమ్మింది. నిజం చెప్తే ఒక్క మనిషి నమ్మలేదు.

కోడూరు బస్సు

ఈ కథ విన్న నా తోటి లెక్చరర్లు ఇక్కడే, "చూశావా, అందుకే అబద్ధాలు చెప్పకూడదు" అనేవాళ్ళు. నేను ఒప్పుకోలేదు. అబద్ధంతో తిరిగిన బండి దారి తప్పితే దాన్ని అబద్ధంతోనే మళ్ళించొచ్చు. ముందు గదిలో ఖాజా ఉండనే ఉన్నాడు.

"ఖాజా, రేపు పొద్దున్నే కోడూరు రా. నాంచారమ్మ తన రహస్యం చెప్తుంది. ఊరికే చెప్పదు. ఎవరికి వచ్చిన యూనిట్ వాళ్ళు ముందు ఆమెకి చెప్పాలి. చదివి వినిపించడం కాదు, అర్థమయ్యేదాకా చెప్పాలి."

"మిగతావాళ్ళకి చెప్పనా మేడమ్?"

"ఎవరికీ చెప్పకు."

శనివారం నేను చల్లపల్లి, పులిగడ్డ మీదుగా కోడూరు చేరి, నాంచారమ్మ ఇంటి వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతుండగానే, వెనక బస్సులోంచి దాదాపు క్లాసంతా దిగింది. నాంచారమ్మ అత్తగారు గుమ్మంలో నిలబడి నన్నూ, ఆ మందనూ మార్చి మార్చి చూసింది.

"మీరేనా పేపరు ముందే తెచ్చే మేడమ్మగారు? మా కోడలు ఇన్నాళ్ళూ ఒకటే పాఠం చదివింది. వినీ వినీ నాకొచ్చేసింది. రిజర్వ్ బ్యాంకు ఏం పనులు చేస్తుందో చెప్పమంటారా?"

"తర్వాత చెబుదువుగానీ అత్తయ్యా" అని నాంచారమ్మ నా వైపు తిరిగింది. "వీళ్ళంతా ఎందుకొచ్చారండి? నేను చెప్పనని చెప్పానుగా."

"సాయంత్రం నేనే ఒట్టు తీసేస్తాను. అప్పుడు నీదీ వాళ్ళకు ఇస్తావు. ఈలోపు వాళ్ళవి తీసుకోవడం తప్పు కాదు."

ఆలోచించింది. "మీరు తీసేస్తే సరేనండి" అంది.

ఆ రోజు నేను పాఠం చెప్పలేదు, నోరు మూసుకుని కూర్చున్నాను. మీకూ అదే చెప్తున్నాను, ఒక్కోసారి అది కూడా ఉద్యోగమే. జాతీయాదాయం వచ్చిన పిల్లాడు మోహన్. నిర్వచనం గడగడా అప్పగించాడు. నాంచారమ్మ చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని వింది.

"మా స్కూల్లో ఆయాకి జీతమిస్తారు. అది జాతీయాదాయంలోకి వస్తుందా?"

"వస్తుందక్కా."

"అదే పని మా అత్తయ్య ఇంట్లో చేస్తుంది. అది?"

మోహన్ పుస్తకం తిప్పాడు. "రాదక్కా."

"రాదా!" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఇంతమందికి అన్నం వండుతున్నాను, లెక్కలోకి రాదా? ఎవడు రాశాడా పుస్తకం? ఎందుకు రాదో చెప్తేనే నీకు చేపల పులుసు."

మోహన్ చెమటలు తుడుచుకుని, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివి, ఎందుకు రాదో చెప్పాడు. మొదటిసారి వాడికే అర్థమైంది. పులుసు దక్కింది. ఇలా ఒక్కొక్కళ్ళూ వచ్చి కూర్చోవడం, ఆమె "ఎందుకు?" అనడం, వాళ్ళు బిక్కమొహం వేయడం, పక్కవాడు అందుకోవడం. ధరల పెరుగుదల గురించి చెప్పడానికి వచ్చినవాడికి, రొయ్యల మేత ధర పెరిగితే ఏమవుతుందో అత్తగారే తిరిగి చెప్పింది.

ఎండ వాలాక చెయ్యి చాపాను. నాంచారమ్మ తన చెయ్యి వేసింది. "ఒట్టు తీసేశాను. చెప్పు."

అంతా ముందుకు వంగారు. ఆమె గొంతు సవరించుకుంది.

"బ్యాంకింగ్. రిజర్వ్ బ్యాంకు విధులు, వాణిజ్య బ్యాంకులు పరపతిని సృష్టించే విధానం."

ఖాజా లేచి నిలబడ్డాడు. "అది నాది! మేడమ్ నాకొక్కడికే చెప్పింది!"

"నీకొక్కడికేనా? నాకూ అదే" అంది వెనకాల ఒకమ్మాయి. "నాకు వాణిజ్యం... రమ్యకీ అదే..." అని లెక్కలు మొదలయ్యాయి. చివరికి అందరి కళ్ళూ నా మీద వాలాయి.

"మోసం మేడమ్ ఇది!"

"మోసమే" అన్నాను. "ఇప్పుడు పుస్తకం తియ్యండి. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా మీకు రానిది ఒక్కటి చూపించండి."

తీశారు. తిప్పారు. ఖాజా ఆఖరి పేజీ దాకా వెళ్ళి, మూసి, కసిగా ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడికి ఒక్కటి కూడా దొరకలేదు.

నాంచారమ్మ మాత్రం పుస్తకం తియ్యలేదు. "అంటే మిమ్మల్ని నిజంగా నమ్మింది నేనొక్కదాన్నేనన్నమాట" అంది.

నేను క్షమించమని అనలేదు. "ఆదివారం మొత్తం నీ చేతిలో ఉంది, చదువు" అని చెప్పి బస్సెక్కాను.

గుడివాడ గేటు

మన సబ్జెక్టు పరీక్ష రోజు మనకు హాల్లో డ్యూటీ వెయ్యరు, వెయ్యకూడదు కూడా. సోమవారం నేను గుడివాడలో సెంటర్ గేటు బయట సోడా బండి దగ్గర నిలబడ్డాను. దేవుడి దగ్గర పెట్టిన హాల్ టికెట్లు, పసుపు రాసిన పెన్నులు లోపలికి వెళ్ళాయి. నాంచారమ్మ పామర్రు వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, నన్ను చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళింది.

మూడు గంటల తర్వాత మొదట ఖాజా వచ్చాడు. "బ్యాంకింగ్‌లోంచి ఒక్క షార్ట్ నోట్స్ మేడమ్, అంతే! మిగతాదంతా ఎక్కడెక్కణ్ణుంచో ఇచ్చాడు." వాడి మొహం వెలిగిపోతోంది. ఒక్క షార్ట్ నోట్స్! ఆ శనివారం లేకపోతే నాంచారమ్మ పని ఏమయ్యేదో తలుచుకుంటే సోడా చేదెక్కింది.

ఆమె ఆఖర్న వచ్చింది. ఎదురెళ్ళాను.

"ఎలా రాశావమ్మా?"

"చెప్పనండి."

"అదేంటి?"

"ఎవరికీ చెప్పనని ఒట్టేసుకున్నాను." చున్నీ సర్దుకుని పామర్రు బస్సు ఎక్కేసింది.

ఎన్నో బ్యాచ్‌ల పిల్లల్ని ఊరించినదాన్ని, రిజల్ట్స్ వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఖాజాని ప్రయోగించాను. మళ్ళీ హల్వా పంపాడు. మళ్ళీ తిని థాంక్స్ చెప్పిందట.

ఈలోపు కబురు ప్రిన్సిపాల్ గారి దాకా పోయింది.

"మేడమ్, పిల్లల్ని మోసం చేశారటగా?"

"చేశానండీ."

"లెక్చరర్ అబద్ధమాడొచ్చా?"

"టిక్కు పెట్టినవి చదివితే చదువొస్తుందని చెప్పడం కంటే పెద్ద అబద్ధం నేనాడలేదండీ. రిజల్ట్స్ వచ్చాక కూడా నేను చేసింది తప్పనిపిస్తే, అప్పుడు పిలవండి."

పిలవలేదు. ఆ ఏడాది పర్సంటేజీ చూసి ఆయన స్వీట్లు పంచారు. నేను తీసుకోలేదు. అప్పటికింకా కోడూరు నుంచి ఫోన్ రాలేదు మరి. హాల్ టికెట్ నంబరుంటే నెట్‌లో నేనే చూసుకునేదాన్ని. ఆ నంబరు కూడా చెప్పలేదు ఆ మహాతల్లి.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఒంటరిగా ఉండగా ఫోన్ మోగింది. వెనకాల చిన్నపిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు, అంటే స్కూల్లోంచే.

"మేడమ్‌గారూ, నాంచారమ్మనండి. పక్కనెవరూ లేరు కదా?"

"లేరు. చెప్పమ్మా."

"తలుపేశారా?"

లేచి వెళ్ళి తలుపేశాను. నిజంగానే వేశాను.

"పాసయ్యానండి. ఎవరికీ చెప్పకండి."

"ఎందుకు చెప్పకూడదే? ఊరంతా చెప్పుకోవలసిన మాట!"

"అందుకేనండి" అంది. "సాయంత్రానికల్లా మా కరస్పాండెంటు దాకా వెళ్ళాలి."

ఫోన్ పెట్టేసి ఖాజాకి చేశాను. "ఒరే, నీకొక్కడికే చెప్తున్నాను" అన్నాను.